ఓపెన్‌కాస్ట్ అయిపోయాక మిగిలే గొయ్యి: పూడ్చాలా, చెరువని వదిలేయాలా? (చర్చ; ప్రతి మాట పైన ఉన్నది రాసినవారి మారుపేరు)

మట్టిగుట్ట

రామగుండం దాటి మంథని దారి పడితే పొలాల వెనకాల తలలు బల్లపరుపుగా ఉన్న గుట్టలు కనిపిస్తాయి. నా చిన్నప్పుడు అవి లేవు. అన్నీ ఓపెన్‌కాస్టుల్లోంచి, అంటే నేలను పైనుంచి తెరిచి తవ్వే బొగ్గు గనుల్లోంచి, తీసి పోసిన ఓబీ (బొగ్గు మీదుండే మట్టీ రాయీ) కుప్పలే. కుప్ప ఉన్న ప్రతిచోటా దాని పక్కన ఒక గొయ్యి ఉంటుంది.

ఓపెన్‌కాస్ట్ కావాలా వద్దా అనే గొడవ ఇక్కడ పెట్టడం లేదు. ఉద్యమం రోజుల్లో ‘మా ఊళ్లను బొందలగడ్డ చేయొద్దు’ అన్నాం. రాష్ట్రం వచ్చింది, ఓసీలు (ఓపెన్‌కాస్టులు) ఆగలేదు. సింగరేణిలో 51 శాతం మన రాష్ట్ర ప్రభుత్వానిదే, 49 కేంద్రానిది, కాబట్టి ఎవరో పరాయివాడిని తిట్టి ఊరుకునే వీలూ లేదు. 1889లో ఇల్లందులో భూగర్భ గనితో మొదలైన తవ్వకం 1970ల్లో ఓపెన్‌కాస్టు బాట పట్టింది. ఇప్పుడు ఏటా తీసే బొగ్గు 7 కోట్ల టన్నులకు అటూఇటూ, అందులో నూటికి ఎనభై వంతులకు పైగా ఓసీల నుంచే. దానికోసం ఎత్తిపోసే మట్టీ రాయీ దాదాపు 40 కోట్ల ఘనపు మీటర్లు.

నా ప్రశ్న ఒక్కటే. పాత ఓసీల్లో బొగ్గు ఒక్కొక్కటిగా అయిపోతోంది. ఆఖరున మిగిలే గొయ్యిని ఏం చేయాలి? నీళ్లు నిండనిస్తే చెరువవుతుంది, చేపలు పెంచుకోవచ్చు, పైన సోలార్ పలకలు తేలేయొచ్చు అంటున్నారు. మేడిపల్లి ఓసీలో అయితే 500 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ (కరెంటు మిగిలినప్పుడు నీళ్లు పైకి తోడి, చాలనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే ఏర్పాటు) ప్రతిపాదనే ఉంది. నేను మాత్రం పూడ్చాలంటాను. తీసిన మట్టి పక్కనే గుట్టగా ఉంది కదా, తిరిగి పోయడానికి అడ్డేమిటి?

ఎనిమిదో ఇంక్లైన్

సర్వే డిపార్టుమెంటుల చేసి రిటైరైన. కుదరదని ఎవరన్నరు తమ్మీ? కుదురుతది. పైసలు కావాలె.

ముందుగాల గొయ్యి ఎట్ల నడుస్తదో చెప్త. బొగ్గు పొర ఏటవాలుగ ఉంటది. పైకి దగ్గరున్న కాడ కోత మొదలు పెడ్తరు. మొదటి కోత మట్టి పొయ్యనీకె లోపల జాగ ఉండదు గనక బయట పోస్తరు, నువ్వు చూసే గుట్ట అదే. పని లోతు దిక్కు నడుస్తున్నకొద్దీ బొగ్గు తీసిన జాగను వెనక నుంచి మట్టితోని నింపుకుంట వస్తరు. డ్రాగ్‌లైన్ (మట్టి తవ్వి ఇసిరే పెద్ద యంత్రం) ఉన్న కాడ అదే తీసి అదే వెనకకు ఇసురుతది. ఇట్ల పోయి పోయి, అన్నిటికంటె లోతైన కొసకు గొయ్యి ఆగుతది. ఆడికి వచ్చేసరికి దాంట్ల పొయ్యనీకె కొత్త మట్టి లేదు. ఉన్నదల్లా ఎప్పుడో ఇరవై ఏండ్ల కింద బయట పోసిన గుట్ట. దాన్ని మళ్ల షావెల్‌తోని ఎత్తి డంపర్లల్ల మోయాలె. ఆడ ఎవరూ చెయ్యి పెట్టరు.

మట్టి సాలదు అని ఎవరన్న అంటే మాత్రం నమ్మకు. పేల్చిన రాయి నూటికి ఇరవై వంతులన్న ఉబ్బుతది. టన్ను బొగ్గుకు ఆరు ఘనపు మీటర్లు తీసినమనుకో, అది ఉబ్బి ఏడు దాటుతది. బొగ్గు తీసిన జాగ టన్నుకు ముప్పావు ఘనపు మీటరు కూడ ఉండదు, అంటే మట్టి జాగ కలిపినా మొత్తం గొయ్యి ఏడు లోపే. లెక్క ప్రకారం గొయ్యి నిండి, ఇంక కొంత పైకే లేవాలె.

లెక్కల మాస్టారు

సర్వేయర్ గారు మట్టి లెక్క చెప్పారు, నేను డబ్బు లెక్క చెబుతాను. ఆఖరి గొయ్యి 5 కోట్ల ఘనపు మీటర్లనుకుందాం. ఎత్తడానికి, మోయడానికి ఘనపు మీటరుకు 100 రూపాయలు అనుకుందాం. ఇది నేను వేసుకున్న అంకె, డీజిలు ధరను బట్టి మీరు మార్చుకోండి. 500 కోట్లవుతుంది.

ఇప్పుడు గని మూసివేతకని పక్కన పెట్టే సొమ్ము చూడండి. బొగ్గు మంత్రిత్వ శాఖ 2009లో తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఓపెన్‌కాస్టుకు హెక్టారుకు 6 లక్షల చొప్పున ఎస్క్రో ఖాతాలో (ఆ పనికి తప్ప తీయలేని ఖాతా) జమ చేయాలి, భూగర్భ గనికి లక్ష. తర్వాత సవరణలొచ్చాయి, రేటూ పెరిగింది, కానీ తూకం అదే. వెయ్యి హెక్టార్ల ఓసీకి 60 కోట్లు. వడ్డీలూ పెంపులూ కలిపి రెండింతలు చేసినా 500 దరిదాపుల్లోకి రాదు. అంటే పూడ్చడం అనే పని ఆ అంచనాలోనే లేదు. గొయ్యి మిగులుతుందని మొదటి రోజే ఒప్పుకుని రాసిన అంచనా అది.

మట్టిగుట్ట

మాస్టారూ, ఆ 500 కోట్లు బొగ్గు అమ్మకంలోంచి టన్నుకు ఎంత పడుతుందో కూడా చెప్పండి.

లెక్కల మాస్టారు

ఆ గని జీవితకాలంలో 6 కోట్ల టన్నులు ఇచ్చిందనుకుంటే టన్నుకు 80, 85 రూపాయలు. మొదటి టన్ను నుంచీ పక్కన పెడితే కనిపించనంత చిన్న మొత్తం. ఆఖరి టన్ను అమ్మాక అడిగితే ఎవరూ ఇవ్వలేనంత పెద్దది.

డే షిఫ్ట్

నేను ఇంకా డ్యూటీలో ఉన్నవాణ్ని, కాబట్టి నా మాట పక్షపాతమే అనుకోండి. కానీ ఒక్కటి అడుగుతా. గొయ్యి పూడ్చితే ఏం వస్తుంది? పైన పోసేది సాగునేల కాదు, పేలిన ఇసుకరాయి. పై మట్టి విడిగా తీసి దాచాలని నిబంధన ఉంది, కొంతవరకు చేస్తారు కూడా, కానీ దానిమీద పత్తి పండాలంటే ఎన్నేళ్లు పడుతుందో ఎవరికీ భరోసా లేదు. అదే నీళ్లు నిలిస్తే వెంటనే పనికొస్తాయి. ఇప్పటికే గనుల్లోంచి తోడిన నీళ్లు ఊళ్లకు తాగడానికి, చెరువులు నింపడానికి ఇస్తున్నారు. ఎండాకాలంలో ఆ నీళ్లమీద బతికే ఊళ్లు నాకు తెలుసు. ఇక బోర్లు ఎండాయంటే అన్నిటికీ గనినే అంటున్నారు. గని లేని మండలాల్లో ఎండలేదా? ఉచిత కరెంటు, ఇంటికో బోరు, యాసంగి వరి. ఆ లెక్క ఎవరిమీద వేయాలి?

హద్దు ఇవతల

మా అత్తగారింటి భూమి ఒక గని హద్దు రాయికి ఇవతల ఉంది. ఏ గనో, ఎవరి గనో రాయను. హద్దుకు అవతలి ఊరు మొత్తం లేచిపోయింది. వాళ్లకు పరిహారం వచ్చింది, ప్లాట్లు వచ్చినయ్, అది సాలిందా లేదా వేరే ముచ్చట. మాకు ఏం రాలే. మా భూమి ఎవరూ తీసుకోలే గదా. భూమి ఆడనే ఉంది, కింద నీళ్లు పోయినయ్.

మొదలు చేదబాయి ఎండింది. బోరు ఏసినం, కొన్నాళ్లు పోసింది, అదీ వట్టిపోయింది. ఇంక లోతుకు ఏసినం. పోయి అడిగితే మీ బోరుకు గనితోని సంబంధం ఉందని రుజువు పట్టుకరా అన్నరు. రుజువు నేనెక్కడికెల్లి తేవాలె? నీళ్లు కొలిచే గొట్టాలు వాళ్ల కంచె లోపల ఉన్నయ్. 2002ల వచ్చిన వాల్టా (నీళ్లు, భూమి, చెట్ల రక్షణ) చట్టం ప్రకారం తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల నేను బోరేస్తే తప్పు. రాత్రీ పగలూ తోడుతుంటే పక్కోళ్ల బోర్లు ఏమైతయని వాళ్లను అడిగేటోడు లేడు.

డే షిఫ్ట్ అన్నా, ట్యాంకర్ల మీరు పంపే నీళ్లు మా బాయిలయే. మా నీళ్లు మాకే పోసి ఫొటో దిగుతరు.

భూజలం

నేను భూగర్భ జలాల మీద పనిచేసేవాణ్ని. ఇద్దరూ చెప్పినదాంట్లో నిజం ఉంది, కానీ విడదీయడానికి దారి ఉంది. కాస్త ఓపిగ్గా చదవండి.

ప్రాణహిత-గోదావరి లోయలో బొగ్గు ఉన్నది గోండ్వానా ఇసుకరాళ్లలో. వాటిలో బరాకర్ అనే పొరల్లో ఇసుకరాయి, నీళ్లను దాదాపు దాటనివ్వని బంకరాయి, బొగ్గు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. వాటి పైన చాలాచోట్ల కామ్టీ ఇసుకరాయి. హైదరాబాదు చుట్టూ ఉన్న గ్రానైటులో నీళ్లు పగుళ్లలోనే దొరుకుతాయి, ఇక్కడ రాయి మొత్తం నీళ్లు పట్టుకుంటుంది. రాష్ట్రంలో భూగర్భ జలాలకు మంచి పేరున్న నేలల్లో ఇదొకటి. బొగ్గు కూడా ఇందులోనే ఉండటం మన అదృష్టమో ఖర్మో.

ఇలాంటిచోట 200 మీటర్ల గొయ్యి తవ్వితే ఆ పొరలన్నీ అంచుల దగ్గర తెగి గొయ్యిలోకి కారతాయి. గని మునగకుండా సంపులో చేరిన నీళ్లను తోడుతూనే ఉండాలి. దాంతో చుట్టూ నీటిమట్టం గొయ్యి వైపు వాలుతుంది. ఈ వాలు ఎంత దూరం పోతుందన్నదే అసలు తగాదా. పై పొరలో, వాన నీళ్లతో నిండే చేదబావులకు అది తక్కువ దూరంలోనే ఆగొచ్చు, వానాకాలం రాగానే అవి కొంత తేరుకోవచ్చు. అడుగు పొరల్లో, మీదా కిందా బంకరాయి మధ్య ఒత్తిడితో ఉన్న నీళ్లకు అది చాలా దూరం పాకుతుంది. ఒక నివేదిక ‘ప్రభావం అర కిలోమీటరు లోపే’ అని, ఊళ్లోవాళ్లు ‘మూడు కిలోమీటర్ల అవతల బోరు ఎండింది’ అని అంటే, ఇద్దరూ వేర్వేరు పొరల సంగతి మాట్లాడుతుండొచ్చు. నివేదికలో పొర పేరు లేకుండా దూరం ఒక్కటే రాస్తే దానికి విలువ లేదు.

డే షిఫ్ట్ గారు అడిగింది న్యాయమైన ప్రశ్న. సాగు బోర్ల వల్ల దిగిన మట్టం మే నెలలో అట్టడుగుకు పోయి, వానలు బాగా పడిన ఏడు నవంబరుకు పైకొస్తుంది. గని వల్ల దిగింది మంచి వానలు పడినా పూర్తిగా లేవదు. పైగా గొయ్యికి దగ్గరయ్యేకొద్దీ లోతు పెరుగుతుంది. గని చుట్టూ నాలుగు దిక్కులా, వేర్వేరు దూరాల్లో, ఒక్కో పొరకు ఒక్కో గొట్టం పెట్టి, గని మొదలవకముందు నుంచీ కొలిస్తే ఏ బోరు ఎవరి వల్ల ఎండిందో చాలావరకు చెప్పొచ్చు. మొదలయ్యాక పెట్టిన గొట్టం చెప్పేది సగమే.

డే షిఫ్ట్

సరే సార్, కానీ మీరు చెప్పిన వాలు పంపులు నడిచినన్నాళ్లే కదా. పంపులు ఆపి గొయ్యి నిండితే మట్టం తిరిగి లేస్తుంది. అది చెరువు వాదానికే బలం.

భూజలం

లేస్తుంది. ఎన్నాళ్లకు, ఎంత ఎత్తుకు అన్నది చూడాలి. ఊహాలెక్కే వేద్దాం. గొయ్యి 5 కోట్ల ఘనపు మీటర్లు, రోజుకు 10 వేల ఘనపు మీటర్లు ఊరుతోంది. ఏడాదికి 36 లక్షల పైచిలుకు. అదే వేగమైతే పదమూడు, పద్నాలుగేళ్లు. కానీ గొయ్యిలో నీళ్లు లేచేకొద్దీ వాలు తగ్గుతుంది, ఊట మందగిస్తుంది. ఆఖరి ఇరవై మీటర్లు నిండటానికి మొదటి వంద మీటర్లకు పట్టినంత కాలం పట్టినా ఆశ్చర్యం లేదు. ఈలోగా హద్దు ఇవతల గారి బోరు నీళ్లు గొయ్యిలోకి నడుస్తూనే ఉంటాయి. పంపు ఆగిన రోజుతో వాళ్ల నష్టం ఆగదు. మూసివేత తర్వాత పర్యావరణ పర్యవేక్షణకు పెడుతూ వచ్చిన గడువేమో మూడేళ్లు.

లెక్కల మాస్టారు

ఆవిరి మర్చిపోయారు. మన ఎండలకు తెరిచిన నీటిమీద ఏటా ఒకటిన్నర మీటరు పోతుంది. చదరపు కిలోమీటరు చెరువు నుంచి 15 లక్షల ఘనపు మీటర్లు గాల్లోకి. భూమిలో ఉన్నన్నాళ్లూ ఎండ తగలని నీళ్లను తెచ్చి ఎండలో పెడుతున్నాం.

భూజలం

మర్చిపోలేదు, కానీ అంత భయంకరంగా చూపొద్దు మాస్టారూ. ఆ చెరువుమీద ఏటా మీటరు దాకా వాన కూడా పడుతుంది. అదే చోట అడవో పత్తిచేనో ఉంటే ఆ వానలో భూమిలోకి ఇంకేది పదో వంతుకు అటూఇటూ, మిగతాది చెట్టూ నేలా తిరిగి గాల్లోకే పంపుతాయి. చెరువు వల్ల నికరంగా పోయేది అర మీటరు దాకా. గొయ్యి పెద్దదైతే అది చిన్న మొత్తమేమీ కాదు. చుట్టూ నీటిమట్టం పాతదానికంటే కొన్ని మీటర్లు కిందే ఆగిపోవడానికి అది చాలు.

నా భయం వేరే. వాగులు. గని కోసం వాగు మళ్లిస్తారు, ఎగువ చెరువుకూ దిగువ చెరువుకూ మధ్య అలుగు కాలువ తెగుతుంది. ఓబీ గుట్ట ఒక కొత్త నీటి విభజన రేఖ. గుట్టకు అటు పడిన వాన మునుపు వెళ్లిన చెరువుకు వెళ్లదు, ఇప్పుడు వెళ్లే చెరువులోకి మట్టి మోసుకెళ్తుంది. గొలుసుకట్టులో ఒక లంకె పోతే కింది చెరువులన్నీ ఖాళీ. గొయ్యిలో నీళ్లు నింపినా వదిలినా ఈ సంగతి మారదు. గుట్ట తీస్తేనే మారుతుంది. మట్టిగుట్ట గారి వాదంలో నాకు నచ్చింది ఇదే, ఆయన మాత్రం దాన్ని వాడుకోలేదు.

కాట్‌బుస్ తెలుగోడు

నేను తూర్పు జర్మనీలో లౌజిట్స్ ప్రాంతంలో చదువుతున్నా. ఇక్కడ లిగ్నైటు (గోధుమరంగు బొగ్గు) గోతులు చెరువులయ్యాయి, వాటిని చూడటానికి జనం వస్తారు. కాట్‌బుస్-నోర్డ్ గని 2015లో ఆగింది. 2019 ఏప్రిల్‌లో నీళ్లు వదలడం మొదలుపెట్టారు. దాదాపు 19 చదరపు కిలోమీటర్ల చెరువు. 2024 ఆఖరుకు అనుకున్న మట్టానికి వచ్చింది. ఊట మీద ఆధారపడకుండా స్ప్రే నది నుంచి తెచ్చి నింపారు, అందుకే అంత తొందరగా అయింది. నదిలో నీళ్లు తగ్గిన వేసవుల్లో ఆ నింపడం కూడా ఆపేయాల్సొచ్చింది.

దీనికి ఇంకో ముఖం ఉంది. వందేళ్లుగా గనులు తోడిన నీళ్లు స్ప్రేలోకే వదిలారు. నది ఆ నీళ్లకు అలవాటు పడింది. గనులు మూతపడితే ఎండు వేసవి నెలల్లో స్ప్రేలో కొన్నిచోట్ల నీళ్లు 75 శాతం దాకా తగ్గొచ్చని జర్మనీ పర్యావరణ సంస్థ 2023లో నివేదిక ఇచ్చింది. బెర్లిన్ తాగునీటికి ఆ నదే ఆధారం. గని నీళ్లతో చెరువులు నింపుకుంటున్న మన ఊళ్లకు పంపులు ఆగిన తర్వాతి వేసవిలో ఏమవుతుందో ఎవరైనా అడిగారా?

ఇక గట్ల సంగతి. 2009 జులైలో నాఖ్టర్‌ష్టెట్ అనే ఊళ్లో, నీళ్లు నింపుతున్న పాత గని చెరువులోకి గట్టు జారింది. ఇళ్లు చెరువులోకి పోయాయి, ముగ్గురు చనిపోయారు. హంబాఖ్ అని 400 మీటర్ల లోతు గొయ్యి ఉంది, దాన్ని రైన్ నది నీళ్లతో నింపాలని పథకం. నిండడానికే 40 ఏళ్లు అంటున్నారు. డబ్బున్న దేశమే ఇంత తిప్పలు పడుతోంది.

కరెంటోడు

జర్మనీ లిగ్నైటు గోతుల గట్లు వదులు ఇసుక. మనవి రాయి. ఆ పోలిక ఇక్కడ నిలవదు. సోలార్ కరెంటు మధ్యాహ్నం మిగిలిపోయి సాయంత్రం చాలని రోజులివి. పంప్డ్ స్టోరేజీకి ఎత్తులో ఒక జలాశయం, లోతులో ఒకటి కావాలి. లోతు జలాశయం తవ్వి సిద్ధంగా ఉంటే వదులుకోవడం తెలివితక్కువ. ఆస్ట్రేలియాలో కిడ్‌స్టన్ దగ్గర పాత బంగారు గని గోతుల్లో 250 మెగావాట్లది కడుతున్నారు.

ఎనిమిదో ఇంక్లైన్

కిడ్‌స్టన్ బంగారు గని సారూ, గట్టి రాయి. మన గొయ్యికి ఒక దిక్కు మాత్రమే రాయి గోడ. వెనక దిక్కు మేం పోసిన ఓబీ. దాన్ని గోడ అనుకోవద్దు, పోసిన మట్టి. వానాకాలం బెంచీలు (మెట్లలెక్క కోసిన గట్లు) జారినప్పుడు దగ్గరుండి కొలిచిన. పంప్డ్ స్టోరేజీల గొయ్యి నీళ్లు పగలు మీదికి తోడితే మట్టం దిగాలె, రాత్రి మళ్ల నిండాలె, రోజూ అదే. నీళ్లు తాగిన మట్టి, నీళ్లు ఒక్కసారి దిగితే లోపలి ఒత్తిడి బయటికి తోస్తది, గట్టు జారుతది. చెయ్యొద్దని అంటలేను. ఆ దిక్కు గట్టును నిట్టనిలువు లేకుంట మెల్లటి వాలు చేసి, రాతి కట్టు కట్టినంక చెయ్యాలె. ఆ ఖర్చు కలిపి లెక్క చూపియ్యమను.

మట్టిగుట్ట

రామగుండంలో ఎన్టీపీసీ 2,600 మెగావాట్ల ప్లాంటు పక్కనే ఉంది. బూడిద పెట్టడానికి చోటు లేదంటారు. గోతులు బూడిదతో నింపొచ్చని 2021 ఆఖర్లో వచ్చిన బూడిద నోటిఫికేషనులోనూ ఉంది. ఓబీ మోసే ఖర్చు లేకుండా ఆ పని అయిపోదా?

భూజలం

దయచేసి ఇంత తేలిగ్గా అనకండి. గొయ్యి అడుగు నీటిమట్టానికి వంద మీటర్ల కింద ఉంది. అక్కడ పోసిన బూడిద ఎప్పటికీ నీళ్లలో నానుతూనే ఉంటుంది. దాంట్లో ఆర్సెనిక్, బోరాన్, సెలీనియం లాంటివి కొద్దికొద్దిగా ఉంటాయి, ఆ నీళ్లు నడిచేది ఇసుకరాయిలో. నీటిమట్టానికి పైన, అడుగున బంక పరిచి, చుట్టూ గొట్టాలతో కొలుస్తూ పోస్తే అది వేరే మాట.

ఒక మంచి సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నేను అన్నిటికీ వద్దనేవాడిలా కనిపిస్తాను. మన గోండ్వానా బొగ్గులో గంధకం తక్కువ, సాధారణంగా ఒక శాతం లోపు. మేఘాలయలో లాగా గని నీళ్లు ఆమ్లంగా మారి వాగులు ఎర్రబడటం ఇక్కడ పెద్ద సమస్య కాదు. ఉప్పులు, కఠినత్వం, పేలుడు మందుల నుంచి వచ్చే నైట్రేటు, ఇవి చూసుకోవాలి. లోతైన చెరువులో పైనీళ్లు బాగున్నా అడుగున ప్రాణవాయువు ఉండదు. చేపలకని పైన ఒక సీసా నింపి పరీక్ష చేసి బాగుందంటే సరిపోదు.

డే షిఫ్ట్

అంటే నింపితే ఒక తంటా, పూడ్చితే ఒక తంటా. మేం చేయగలిగేది ఏంటో ఎవరూ చెప్పడం లేదు.

ఎనిమిదో ఇంక్లైన్

నేను చెప్త. పక్కపక్కన ఓసీలుంటే, పాత దాని గొయ్యిల కొత్త దాని మట్టి పొయ్యి. కొత్తది ఎట్లయినా మొదటి కోత మట్టి ఎక్కడో పొయ్యాలె. గుట్ట పొయ్యనీకె అడవి భూమి అడిగే బదులు పాత గొయ్యి వాడుకో. డంపర్ దూరం రెండు మూడు కిలోమీటర్లు పెరుగుతది, కన్వేయర్ పెడితే అది కూడ తగ్గుతది. గుట్టను మళ్ల ఎత్తుడు కంటె ఎంతో అగ్గువ. కొన్ని కాడ చేసిండ్రు కూడ. కాకుంటే రెండు గనుల ప్లాను ఒక్క టేబులు మీద గీయాలె. ఇది పాతది మూసే రోజు గుర్తొస్తే లాభం లేదు, కొత్తది సాంక్షను అయ్యేనాడే రాయాలె. మా రోజులల్ల ఏ ప్రాజెక్టు రిపోర్టు దానికదే, పక్క గని మ్యాపు అడిగితే నీకెందుకయ్యా అనేటోళ్లు.

పూర్తిగ నిండకపోయినా ఫరవాలేదు. రెండు వందల మీటర్ల గొయ్యిని ముప్పై, నలభైకి తెస్తే గట్లు నిలుస్తయ్, నీళ్లు తొందరగ నిండుతయ్, పిల్లలు పడితే తియ్యొచ్చు.

మట్టిగుట్ట

ఇది నాకు ఇష్టమే. కానీ పక్కన కొత్త ఓసీ లేని చోట? పక్కన మట్టి లేదు కాబట్టి గొయ్యి వదిలేస్తాం అంటే మళ్లీ మొదటికే వచ్చాం. అక్కడ గుట్ట ఎత్తి పోయాల్సిందేనని నేనంటాను. టన్నుకు 80 రూపాయలు అని మాస్టారు చెప్పాక ఆ మాట ఇంకా గట్టిగా అంటాను. భూజలం గారు చెప్పినట్టు వాగుకు దారి దొరికేది కూడా అప్పుడే.

హద్దు ఇవతల

మీరు గొయ్యి పూడ్చుకోండి, నింపుకోండి. నాది గొయ్యి పంచాయితీ గాదు. గొయ్యి చుట్టూ ఉన్నోళ్ల బోర్లకు ఎవరు జవాబు? హద్దు రాయి కాగితం మీద ఉంది, నీళ్లకు హద్దు లేదు. పరిహారం మాత్రం ఆ రాయి దగ్గరే ఆగిపోయింది. నిండేదాక పదిహేనేండ్లు అన్నరు గదా సారూ, ఆ పదిహేనేండ్లు మూసివేత ఖర్చుల రాయాలె గదా? బోరు ఎండిన ఎకరాకు ఏటా ఇంత అని. చెట్లకు రాస్తరు, కంచెకు రాస్తరు.

భూజలం

రాయొచ్చు, రాయాలి. దానికి మీ చేతిలో కాగితం ఉండాలి. పర్యావరణ అనుమతి తీసుకున్న ప్రతి గనీ ఆరు నెలలకోసారి, జూన్ 1కీ డిసెంబరు 1కీ, షరతులు ఎలా పాటిస్తున్నారో నివేదిక ఇవ్వాలి. అది జనానికి అందుబాటులో ఉండాలి. వెబ్‌సైటులో దొరక్కపోతే సమాచార హక్కు కింద అడగండి. దాంట్లో నీటిమట్టాల పట్టిక వెతకండి. మామూలుగా ఏడాదికి నాలుగు కొలతలు, జనవరి, మే, ఆగస్టు, నవంబరు. నవంబరు కొలత ఒక్కటే పట్టుకుని వరుసగా ఎన్నేళ్లు దొరికితే అన్నేళ్లు రాసుకోండి. వానలు బాగా పడిన ఏళ్ల నవంబరులో కూడా మట్టం ఏడాదికేడాది దిగుతుంటే, ఆ వాలు గొయ్యి వైపే ఉంటే, రుజువు తెమ్మన్నవాళ్ల ముందు పెట్టొచ్చు. మీ బావి మట్టం కూడా అవే నెలల్లో కొలిచి ఓ నోటుపుస్తకంలో రాయండి. తాడు, రాయి చాలు. కొలిచే చోటు మాత్రం ప్రతిసారీ ఒకటే ఉండాలి.

ఎనిమిదో ఇంక్లైన్

బాయి ఒర మీద సున్నంతోని గుర్తు పెట్టుకో బిడ్డా, ఆడికెల్లే కొలువు. ఆ గుర్తు ఎత్తు నేను లెవలింగు చేసి పెడ్త, సముద్రమట్టం లెక్కల. అప్పుడు వాళ్ల గొట్టాల అంకెలతోని నీ బాయి అంకె కలుస్తది. లేకుంటే వాళ్లది ఒక లెక్క, నీది ఒక లెక్క అంటరు.

డే షిఫ్ట్

పంపులు ఆపే ముందు చుట్టుపక్కల ఊళ్ల బావులన్నీ కొలవాలి, నిండేదాకా ఆ ఊళ్లకు నీళ్లివ్వాలి అన్నదానికి నేనూ సంతకం పెడతా. యూనియన్ మీటింగులో మాట్లాడతా కూడా. గుట్ట ఎత్తి పోయడానికి మాత్రం ఒప్పుకోను. ఆ 500 కోట్లు దసరా ముందు వచ్చే మా లాభాల వాటాలోంచే కోస్తారని మట్టిగుట్ట అన్నకు తెలియదా?

మట్టిగుట్ట

తెలుసు తమ్మీ. మా అన్నకూ ఆ వాటా వస్తుంది. అయినా అదే అంటున్నా. జూన్ నివేదిక దొరికినవాళ్లు నీటిమట్టాల పేజీ ఇక్కడ పెట్టండి, గని పేరు, కొలిచిన నెల కనిపించేలా.